మైదానంలో కనిపించని ఊరు

‘మైదాన్’ సినిమా నిడివి మూడు గంటలు. కథానాయకుడు హైదరాబాదీ. ఇక్కడే పుట్టి, ఉస్మానియాలో చదువుకుని, ఇక్కడి బళ్లలో పిల్లలకు పాఠాలు చెప్పి, ఇక్కడి పోలీసు జట్టుని దేశంలోకెల్లా మేటి జట్టుగా తయారుచేసిన సయ్యద్ అబ్దుల్ రహీమ్. అయినా సినిమా అయిపోయి బయటికొచ్చాక హైదరాబాద్ పేరు చెబితే మనకి గుర్తుండేది ఒక ఇల్లు, ఇంట్లో ఎదురుచూసే భార్యాపిల్లలు, ఆయన దగ్గు. ఆట జరిగేది హెల్సింకిలో, మెల్‌బోర్న్‌లో, రోమ్‌లో, జకార్తాలో. ఆట గురించి మాటలు జరిగేది కలకత్తాలో. మరి ఈ మనిషి అంత ఆట ఎక్కడ నేర్చుకున్నాడు? ఎవరిమీద ప్రయోగాలు చేసి చూశాడు? సినిమాకి ఆ ప్రశ్న తట్టినట్టు లేదు.

అమిత్ రవీందర్‌నాథ్ శర్మ తీసిన ఈ సినిమా 2024 ఏప్రిల్‌లో విడుదలైంది. అజయ్ దేవగణ్ రహీమ్‌గా, ప్రియమణి ఆయన భార్యగా చేశారు. జనం పెద్దగా చూడలేదు. చూసినవాళ్లలో చాలామంది బాగుందనే అన్నారు. నేనూ అంటాను. మన దేశంలో ఫుట్‌బాల్ ఆటని తెరమీద ఇంత శ్రద్ధగా తీసినవాళ్లు తక్కువ. చివరి గంట, జకార్తా ఏషియన్ గేమ్స్ భాగం, ఫలితం ముందే తెలిసినా కుర్చీ అంచుకి లాక్కొస్తుంది. దేవగణ్ అరవకుండా నటించాడు, అదీ మెచ్చుకోదగ్గదే. నా పేచీ సినిమా పనితనంతో కాదు. ఆ సినిమా ‘ప్రాంతం’ అనే మాటని ఎలా అర్థం చేసుకుందన్న దానితో. ఎందుకంటే అదే అపార్థం మరో రూపంలో, ఈ ఊరి పేరు పెట్టుకున్న ఒక ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ క్లబ్బుని కూడా మింగేసింది. సినిమా, క్లబ్బు రెంటినీ పక్కపక్కన పెట్టి చదివితే గానీ ఆ సంగతి బయటపడదు.

ముందు సినిమా. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మన జట్టు యుగొస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయింది. మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. ఆ అవమానం దగ్గర కథ మొదలవుతుంది. సంజాయిషీ అడిగిన ఫెడరేషన్ పెద్దలతో రహీమ్, జట్టుని నేనే ఎంచుకుంటాను అంటాడు. అక్కణ్ణుంచి సినిమాలో రెండు పక్షాలు. ఒకవైపు రహీమ్, ఆయన వెనక దేశం. మరోవైపు బెంగాల్ కుర్రాళ్లే ఆడాలని పట్టుబట్టే ఫెడరేషన్ పెద్దమనిషి, రహీమ్ మీద పగబట్టిన ఒక పత్రికా రచయిత. అంటే ఈ కథలో ప్రాంతాభిమానం విలన్, దేశాభిమానం హీరో. ప్రాంతం అనేది సంకుచితం, లంచం, లాబీ. దేశం అనేది విశాలం, త్యాగం, బంగారు పతకం. పాత్రల మీసాలు, నవ్వులు, నేపథ్య సంగీతం అన్నీ ఈ పద్దుల ప్రకారమే సర్దేశారు.

కలకత్తాలో లాబీలు లేవని నేననను. ఉంటాయి, ఆ రోజుల్లో భారత ఫుట్‌బాల్‌కి అది రాజధాని. కానీ రహీమ్ జీవితాన్ని ఈ రెండు పద్దుల్లో రాయడం కుదరదు. ఎందుకంటే ఆయన స్వయంగా ఒక ప్రాంతపు మనిషి, ఒక క్లబ్బు మనిషి. 1950 నుంచి 1963లో చనిపోయేదాకా ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్. దేశపు జట్టుకి శిక్షణ ఇచ్చింది కూడా ఆ ఏళ్లలోనే. ఒకటి వదిలేసి రెండోదానికి పోలేదు. దేశపు జట్టుకి ఆయన తీసుకెళ్లిన ఆలోచనల్లో చాలావాటికి ముందు పరీక్ష జరిగింది ఈ పోలీసు కుర్రాళ్ల కాళ్లమీదే.

ఆ పోలీసు జట్టు ఏం సాధించిందో ఒకసారి లెక్క చూద్దాం. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ని 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు గెలిచింది. స్వాతంత్ర్యం తర్వాత మళ్లీ మొదలైన డ్యూరాండ్ కప్‌ని 1950లో గెలిచింది. ఆ ఫైనల్లో మోహన్ బగాన్ రెండు గోల్స్ ముందుంటే, సమం చేసి, మళ్లీ ఆడిన మ్యాచ్‌లో 1-0తో కొట్టింది. తర్వాత 1954లో, 1957లో, 1961లో కూడా డ్యూరాండ్ ఈ జట్టుదే. ఇదే ఊరి ఆటగాళ్లతో నిండిన హైదరాబాద్ రాష్ట్ర జట్టు 1956, 1957 సంవత్సరాల్లో వరసగా సంతోష్ ట్రోఫీ గెలిచింది. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ హెల్సింకిలోనూ ఉన్నారు, మన జట్టు నాలుగో స్థానందాకా వెళ్లిన 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లోనూ ఉన్నారు. మెల్‌బోర్న్‌లో వాళ్లతోపాటు జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం కూడా ఉన్నారు. 1962లో జకార్తాలో బంగారు పతకం గెలిచిన జట్టులో యూసుఫ్ ఖాన్ ఉన్నాడు. హీరో పక్కన నిలబడే జనంలాగా సినిమా చూపించిన వాళ్లలో చాలామందికి ఇంత సొంత చరిత్ర ఉంది.

ఇంకో విషయం. ఆ క్లబ్బు ఎలా నడిచేది అన్నది కప్పుల లెక్క కంటే ఆసక్తికరం. అది డబ్బున్నవాళ్ల సరదా క్లబ్బు కాదు, టికెట్ల మీద బతికే క్లబ్బూ కాదు. అది ఒక డిపార్ట్‌మెంట్ జట్టు. బాగా ఆడే కుర్రాడికి పోలీసుశాఖలో ఉద్యోగం. పొద్దున, సాయంత్రం ఆట. నెల తిరిగితే జీతం. ఈ ‘సర్కారీ కొలువు’ అనే మామూలు విషయమే అప్పట్లో పేదింటి కుర్రాళ్లకి ఫుట్‌బాల్‌ని ఒక బతుకుదెరువుగా చేసింది. కోచ్ చూస్తే బడిపంతులు. కాచిగూడ మిడిల్ స్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్ లాంటి చోట్ల పనిచేసినవాడు. ఆయన పద్ధతులన్నిట్లోనూ ఆ పంతులు కనిపిస్తాడు. డ్రిబ్లింగ్ చెయ్యకూడదు, బంతి అందగానే పాస్ ఇవ్వాలి అనే నియమంతో టోర్నీలు పెట్టేవాడు. బలహీనమైన కాలితోనే ఆడాలి అనే నియమంతో ఇంకొన్ని. ఇది గ్రేట్ మోటివేషనల్ స్పీచ్ ఇచ్చే కోచ్ చేసే పని కాదు, హోంవర్క్ ఇచ్చే పంతులు చేసే పని. బ్రెజిల్ 1958 వరల్డ్ కప్‌లో చూపించి ప్రపంచం నోట పడేలా చేసిన 4-2-4 పద్ధతివైపు రహీమ్ అంతకంటే ముందే నడిచాడని ఆట చరిత్రకారులు చెబుతారు. ఒక ఊళ్లో, ఒకే గుంపు కుర్రాళ్లని రోజూ చూసే అవకాశం లేకపోతే అలాంటి ప్రయోగం చెయ్యడం ఎవరికీ సాధ్యం కాదు. దేశపు జట్టు ఏడాదికి కొన్ని వారాలు కలుస్తుంది. క్లబ్బు రోజూ కలుస్తుంది.

సినిమాకి ఇదంతా ఎందుకు పనికిరాలేదో నేను ఊహించగలను. హోంవర్క్‌ని తెరమీద చూపించడం కష్టం. ఓటమి, అవమానం, శపథం, విజయం చూపించడం తేలిక. ‘లగాన్’, ‘చక్ దే ఇండియా’ తర్వాత హిందీ ఆటల సినిమాకి ఒక అచ్చు తయారైపోయింది. ఆ అచ్చులో కోచ్ ఒక గాయపడ్డ ఒంటరివాడు, చివర్లో జెండా ఎగరాలి. రహీమ్‌ని ఆ అచ్చులో పోస్తే ఒరిగిపోయిన భాగం పేరు హైదరాబాద్.

దీనివల్ల ఒక చారిత్రక సందర్భం కూడా పోయింది. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్. రెండేళ్లకే, అంటే 1950లో, ఇదే ఊరి పోలీసు జట్టు బొంబాయి వెళ్లి రోవర్స్, ఢిల్లీ వెళ్లి డ్యూరాండ్ గెలుచుకుని వచ్చింది. రాజ్యం పోయిన ఊరు. ఇక్కడి ముస్లింలకి భయం, దిగులు కమ్మిన కాలం. అలాంటప్పుడు నూర్ మహమ్మద్‌లూ అజీజుద్దీన్‌లూ దేశం మొత్తం చూస్తుండగా గెలవడం, ఆ తర్వాత అదే దేశం జెర్సీ వేసుకోవడం, ఇందులో ఎంత కథ ఉంది! ‘నేను ఈ దేశపువాణ్ణే’ అని రహీమ్ చేత డైలాగు చెప్పించక్కర్లేదు. 1950 నాటి ఆ రెండు కప్పుల్ని తేదీతో సహా చూపిస్తే చాలు.

పేర్ల సంగతి చూడండి. సంతోష్ ట్రోఫీ విజేతల పట్టికలో 1956, 57లలో ‘హైదరాబాద్’ అని ఉంటుంది. నిజానికి 1956 నవంబర్ 1 తర్వాత ఆ పేరుతో రాష్ట్రం లేదు. 1965లో గెలిచినప్పుడు పట్టికలో పేరు ‘ఆంధ్రప్రదేశ్’. సిటీ పోలీస్ కూడా అంతే, 1961 డ్యూరాండ్ నాటికి ఆంధ్ర పోలీస్ అయిపోయింది. బోర్డు మీద పేరు మారుతూ పోయినా లోపల ఆడుతున్నవాళ్లు ఆ బస్తీల, ఆ బళ్ల, ఆ కంటోన్మెంటు కుర్రాళ్లే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, దీనికి సరిగ్గా తలకిందుల కథ ఇంకాసేపట్లో వస్తుంది.

‘ప్రాంతం అంటే సంకుచితం’ అన్న సినిమా సూత్రానికి అసలైన జవాబు మాత్రం తులసీదాస్ బలరాం. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో ఒక పేద తమిళ కుటుంబంలో పుట్టాడు. హైదరాబాద్ దాకా ప్రాక్టీసుకి రావడానికి డబ్బుల్లేవంటే రహీమ్ అద్దె సైకిల్ ఏర్పాటు చేశాడన్నది బలరాం గురించి చెప్పుకునే కథల్లో అందరికీ తెలిసినది. ఆ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కి ఆడటానికి కలకత్తా వెళ్లాడు. చునీ గోస్వామి, పీకే బెనర్జీ, బలరాం, ఈ ముగ్గుర్నీ కలిపి త్రిమూర్తుల్లా కొలిచింది ఎవరు? బెంగాలీలే. బలరాం చివరిదాకా అక్కడే, కలకత్తా పక్కన ఉత్తర్‌పారాలో ఉండిపోయాడు. తర్వాతి తరంలో మహమ్మద్ హబీబ్ ఇక్కణ్ణుంచి వెళ్లి ఈస్ట్ బెంగాల్‌కీ, మోహన్ బగాన్‌కీ, మహమ్మదన్ స్పోర్టింగ్‌కీ ఆడాడు. 1977లో పెలేతో వచ్చిన న్యూయార్క్ కాస్మోస్ మీద మోహన్ బగాన్ 2-2తో డ్రా చేస్తే అందులో ఒక గోల్ హబీబ్‌ది. ‘బడే మియా’ అని బెంగాల్ మైదాన్ ముద్దుగా పిలుచుకుంది. 1970 ఏషియన్ గేమ్స్‌లో కంచు పతకం గెలిచిన జట్టుకి కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్, ఆయనా హైదరాబాదే. ఇంకా షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్.

అంటే బెంగాలీలు తమ క్లబ్బుల్ని పిచ్చిగా ప్రేమించారు కాబట్టే హైదరాబాద్ కుర్రాళ్లకి అక్కడ చోటు దొరికింది. మా క్లబ్బు గెలవాలి, అందుకోసం ఎవరైనా రావచ్చు. క్లబ్బు మీద అభిమానంలో ఉన్న వెసులుబాటు అది. ఫెడరేషన్ గదిలో కూర్చునే రాజకీయాన్నీ, గ్యాలరీలో నిలబడే అభిమానాన్నీ ఒకే బుట్టలో వేసేసింది సినిమా. అలా వేశాక కలకత్తా అన్నది కుట్రలు జరిగే గదిగా, హైదరాబాద్ అన్నది దగ్గు వినిపించే గదిగా మిగిలిపోయాయి.

ఇక్కడ ఒక చేదు సంగతి కూడా చెప్పుకోవాలి. ఈ ఆటగాళ్లని బెంగాలీలు తమ భాషలో దాచుకున్నట్టు మనం మన భాషలో దాచుకోలేదు. నేను చదివినంతలో తెలుగు కథలో, నవలలో ఈ మనుషులు ఎదురవ్వలేదు. కారణం ఊహించలేనిది కాదు. పాతబస్తీ ఆటగాడి ఇంటిభాష ఉర్దూ. అమ్ముగూడ, బొల్లారం వైపు కంటోన్మెంటు ఆటగాడి ఇంటిభాష చాలాసార్లు తమిళం. పీటర్ తంగరాజ్ పుట్టింది హైదరాబాద్‌లో, మొదట ఆడింది సికింద్రాబాద్ క్లబ్బులకే. ఆయన్ని మనవాడని మనం ఎప్పుడైనా అనుకున్నామా? మన సాహిత్యంలోకి హైదరాబాద్ చాలా దారుల్లో వచ్చింది. నిజాం మీద పోరాటంగా వచ్చింది, ఇరానీ చాయ్‌గా వచ్చింది, ఇప్పుడు మా ఐటీ కంపెనీల ఒంటరితనంగా కూడా వస్తోంది. సాయంత్రం నాలుగింటికి దుమ్ములో బంతి తన్నే పోలీసుగా మాత్రం రాలేదు. బాలీవుడ్ వదిలేసిందని తిట్టడం తేలికే. మన దగ్గర రాసిపెట్టిన కథే ఉంటే వాళ్లు వదిలేసినా నష్టం ఇంత ఉండేది కాదు.

ఇక రెండో కథ. 2019 ఆగస్టులో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. పుట్టింది అనడం కూడా పూర్తిగా సరికాదు. ఇండియన్ సూపర్ లీగ్‌లో ఎఫ్‌సీ పుణె సిటీ అనే క్లబ్బు మూతపడితే, ఖాళీ అయిన ఆ చోటులోకి హైదరాబాద్ పేరుతో కొత్త క్లబ్బు వచ్చింది. పసుపు, నలుపు రంగులు. గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియం సొంత మైదానం. డెక్కన్ లీజియన్ పేరుతో అభిమాన సంఘం. ఆ చుట్టుపక్కల ఆఫీసుల్లో పనిచేసే మాలాంటివాళ్లకి, టీవీలో ఆర్సెనల్, బార్సిలోనా చూసి పెరిగినవాళ్లకి, మొదటిసారి బండి మీద వెళ్లి చూడదగ్గ క్లబ్బు. నవంబర్ 2న ఇక్కడ జరిగిన తొలి మ్యాచ్‌లో కేరళ బ్లాస్టర్స్‌ని 2-1తో ఓడించింది. ఆ సంతోషం ఎక్కువ రోజులు నిలవలేదు, మొదటి సీజన్లో ఆఖరి స్థానం.

ఆ తర్వాత స్పెయిన్ నుంచి మనోలో మార్క్వెజ్ వచ్చాడు. నెమ్మదస్తుడు, కుర్రాళ్లని నమ్మేవాడు. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో లాంటివాళ్లు ఆయన చేతికింద ఎదిగారు. రహీమ్ బతికుంటే ఆయనతో కూర్చుని మాట్లాడి ఉండేవాడేమో అనిపిస్తుంది నాకు. 2021-22 సీజన్‌లో బర్తొలొమ్యూ ఓగ్బెచె 18 గోల్స్ కొట్టాడు. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. రాహుల్ గోల్‌తో కేరళ ముందుకెళ్లింది, 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేశాడు. పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు, 3-1తో కప్పు మనది.

‘మనది’ అని రాశాను గానీ ఆ కప్పు వెనకున్న పరిస్థితి చూడండి. కోవిడ్ వల్ల 2020-21, 2021-22 లీగ్ మొత్తం గోవాలోనే జరిగింది. అంటే హైదరాబాద్ ఎఫ్‌సీ ఛాంపియన్ అయిన సీజన్‌లో హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఫైనల్ రోజు గ్యాలరీ నిండా పసుపే, కానీ అది కేరళ అభిమానుల పసుపు. కాగితం మీద ‘సొంత జట్టు’ హైదరాబాద్ కావడంతో వాళ్ల ఆటగాళ్లు నలుపు వేసుకోవాల్సి వచ్చింది. ఫైనల్ మొదలుపెట్టిన పదకొండుమందిలో హైదరాబాద్ కుర్రాడు ఒక్కడూ లేడు. ఇందులో ఎవరి తప్పూ లేదు. మహమ్మారి ఎవరి చేతిలోనూ లేదు, ఇవాళ్టి ఏ ప్రొఫెషనల్ జట్టూ ఒకే ఊరి కుర్రాళ్లతో నడవదు. కానీ ఒక కథని చదివేటప్పుడు రచయిత ఉద్దేశం ఒక్కటే చూడం కదా, కథలో ఏముంది, ఏం లేదు అన్నది కూడా చూస్తాం. ఊరు లేకుండా ఊరి పేరు గెలిచిన కథ ఇది.

తర్వాత జరిగింది మరీ బాధ. 2022-23లో లీగ్‌లో రెండో స్థానం, సెమీఫైనల్లో పెనాల్టీల్లో ఓటమి. మార్క్వెజ్ వెళ్లిపోయాడు. 2023-24లో డబ్బుల్లేవు. ఆటగాళ్ల జీతాల బకాయిలు, కొత్తవాళ్లని నమోదు చేసుకోకుండా ఫిఫా నిషేధం. సీజన్ మధ్యలో ఆటగాళ్లు గుంపులుగా వెళ్లిపోయారు. విదేశీయుల్లో కెప్టెన్ జొయావ్ విక్టర్ మిగిలాడు. కోచ్ థాంగ్‌బోయ్ సింగ్‌టో చేతిలో ఉన్నది రిజర్వు కుర్రాళ్లు. 22 మ్యాచ్‌ల్లో ఒక్క గెలుపు, 8 పాయింట్లు, ఆఖరి స్థానం. నా మట్టుకు ఆ క్లబ్బు చరిత్రలో గౌరవించదగ్గ అధ్యాయం 2022 కప్పు ఒక్కటే కాదు, ఈ సీజన్ కూడా. ఓడిపోతామని తెలిసీ ప్రతివారం దిగి ఆడిన కుర్రాళ్లు వాళ్లు. వాళ్లమీద ఎవరూ సినిమా తియ్యరు. చివర్లో జెండా లేదు కదా.

2024లో యాజమాన్యం మారి బీసీ జిందాల్ గ్రూపు చేతికి వెళ్లింది. ఆ తర్వాత క్లబ్బే ఊరు మారింది. ఇప్పుడు దాని పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. ఇంకో తమాషా ఏంటంటే, 2019లో హైదరాబాద్‌కి ఈ క్లబ్బు వచ్చిన ఏడాదే ఢిల్లీ డైనమోస్ అనే క్లబ్బు ఢిల్లీ వదిలి భువనేశ్వర్ వెళ్లి ఒడిశా ఎఫ్‌సీ అయింది. పుణె పోయి హైదరాబాద్, హైదరాబాద్ పోయి ఢిల్లీ, అంతకుముందు ఢిల్లీ పోయి ఒడిశా. మా భాషలో చెప్పాలంటే సర్వర్ మార్చినట్టు. డేటా ఇక్కణ్ణుంచి అక్కడికి వెళ్తుంది, డొమైన్ పేరు మారుతుంది, పాత లింకు నొక్కితే ఏమీ రాదు. ఆ పాత లింకు దగ్గర నిలబడ్డవాళ్లు డెక్కన్ లీజియన్ వాళ్లు.

సిటీ పోలీస్ కథకి ఇదే తలకిందులు. అక్కడ పేర్లు మారాయి, మనుషులు ఉన్నారు. ఇక్కడ ఊరూ పేరూ రెండూ మార్చుకోగలిగారు, ఎందుకంటే వదిలి వెళ్లడానికి ఇక్కడ నాటినది తక్కువ.

పాతదంతా బంగారం అనే వాదన నాది కాదు. డిపార్ట్‌మెంట్ జట్టు కూడా ఊరి సొత్తేమీ కాదు, ప్రభుత్వ శాఖది. దాని మీద అభిమానులకి ఏ హక్కూ లేదు. అది ఒక్క మనిషి మీద ఎంతగా ఆధారపడిందంటే, 1963 జూన్‌లో రహీమ్ పోయాక ఆ వైభవం మళ్లీ రాలేదు. మంచి ఆటగాడికి కలకత్తా ఇచ్చేంత డబ్బూ పేరూ హైదరాబాద్ ఎప్పుడూ ఇవ్వలేకపోయింది. హబీబ్‌లు వెళ్లిపోయింది అందుకే. ఆ క్లబ్బుకీ తర్వాతి తరం లేకుండాపోయింది, ఈ క్లబ్బుకీ లేకుండాపోయింది. కానీ ఒక తేడా మాత్రం పెద్దది. 1950ల కానిస్టేబుల్ ఆటగాడికి ఒకటో తారీఖు జీతం వచ్చేది. 2023 నాటి ప్రొఫెషనల్ ఆటగాడు జీతం కోసం ఫిఫా దాకా వెళ్లాల్సి వచ్చింది. ఏది ప్రొఫెషనల్, ఏది అమెచ్యూర్ అన్న మాటలకి మనం ఇచ్చే అర్థాల్ని ఒకసారి సరిచూసుకోవాలి.

సినిమా, ఫ్రాంచైజీ రెండూ చేసిన పొరపాటు ఒకటే అని నాకు అనిపించేది ఇక్కడ. రెంటికీ ప్రాంతం ఒక చిరునామా. సినిమాకి అది హీరో ఇంటి చిరునామా, ఫ్రాంచైజీకి ఆఫీసు చిరునామా. ప్రాంతం అంటే ఆటగాళ్లు తయారయ్యే పద్ధతి అనీ, ఏ బడి నుంచి ఏ మైదానానికి, ఏ ఉద్యోగానికి దారి ఉంది అనే లెక్క అనీ రెండూ అనుకోలేదు. ఊళ్లో ప్రొఫెషనల్ క్లబ్బే లేకుండా పోయిందని కాదు. 2015లో విశాఖపట్నంలో మొదలై హైదరాబాద్ శివార్లలోని డెక్కన్ అరీనాలో ఆడే శ్రీనిధి డెక్కన్ ఉంది. 2022-23, 2023-24లలో వరసగా రెండేళ్లు ఐ-లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది. దాని గురించి మనలో ఎంతమందికి తెలుసు? తెలిసినా దాన్ని అడగాల్సిన ప్రశ్న మళ్లీ అదే. అమ్ముగూడలాంటి చోట ఇవాళ పద్నాలుగేళ్ల పిల్లాడు బాగా ఆడుతుంటే, అతని దగ్గర బస్ ఛార్జీకి డబ్బుల్లేకపోతే, ఆ సంగతి క్లబ్బులో ఎవరికి తెలుస్తుంది?

ఒక క్లబ్బుని అంచనా వెయ్యడానికి కప్పుల కంటే ఈ ప్రశ్న మేలు. ఆటల సినిమాని అంచనా వెయ్యడానికి కూడా. ‘మైదాన్’ దగ్గర దీనికి జవాబు ఉంది, ఎందుకంటే రహీమ్ జీవితమే ఆ జవాబు. అయినా సినిమా దాన్ని దాటేసి జాతీయగీతం దగ్గరికి పరుగెత్తింది. చూసి కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లని నేను తప్పుపట్టను. ఆ కన్నీళ్లకి కారణమైన బంగారు పతకం ఎక్కడ తయారైందో కూడా చెప్పి ఉంటే బాగుండేదంటున్నాను.

చెప్పగలిగినవాళ్లు వెళ్లిపోతున్నారు. మెల్‌బోర్న్ జట్టులోని జుల్ఫికరుద్దీన్ 2019లో, హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టడానికి కొద్దిగా ముందు పోయాడు. రహీమ్ కొడుకు, 1960 ఒలింపిక్ జట్టు సభ్యుడు హకీమ్ 2021 ఆగస్టులో పోయాడు. బలరాం 2023 ఫిబ్రవరిలో, సినిమా తెరమీదికి రాకముందే. హబీబ్ అదే ఏడాది ఆగస్టు 15న. వాళ్లతో ఆడినవాళ్లు, వాళ్ల చేతికింద నేర్చుకున్నవాళ్లు, గట్టు మీద కూర్చుని చూసినవాళ్లు మన ఊళ్లో, మన వీధుల్లో ఇంకా ఉన్నారు. వాళ్లు ఉర్దూలో చెబుతారు, తమిళంలో చెబుతారు, దక్కనీ కలిపిన తెలుగులో చెబుతారు. ఫోన్లో రికార్డర్ అందరి దగ్గరా ఉంది. ఆదివారం ఖాళీ కూడా ఉంది. మనం వెళ్లి అడగాలి, రాసుకోవాలి, అదీ తొందరగా.